చప్పుడు లేని బండి

ఆ ఎండాకాలం మా ఊళ్లో చప్పుడు చేయకుండా తిరిగిన బండి ఒక్కటే. దాన్ని నడిపింది నేను.

పచ్చ నంబరు ప్లేటు వేసిన బ్యాటరీ ఆటో. అంతకుముందు ఆరేళ్లు మెట్‌పల్లి రోడ్డు మీద డీజిలు ఆటో నడిపాను. అదీ కిరాయి బండే. అది స్టార్ట్ అయితే మూడు వాడలకు తెలిసేది. ఆగితే మాత్రం మా అవ్వకు, అంటే మా అమ్మకు ఒక్కతికే తెలిసేది, ఎందుకంటే దాని పొగ పోయేదాకా ఆమె దగ్గు ఆగేది కాదు. బ్యాటరీ బండి తెచ్చిన రోజు అవ్వ వాకిట్లో నిలబడి ముక్కుతో రెండుసార్లు గాలి పీల్చి, "ఏమస్తలేదేందిరా?" అని అనుమానంగా అడిగింది. ఆ మాటకు నేను వారం రోజులు మురిసిపోయాను.

బండి ఇచ్చింది కంపెనీ. మా ఊరి పొలిమేరలో, వాగు ఒడ్డున ఫ్యాక్టరీ పెడతామని వచ్చిన కంపెనీ. మక్కలు, అంటే మొక్కజొన్నలు, నూకలు ఉడకబెట్టి, పులియబెట్టి, బండ్లకు పోసే ఇంధనం తీస్తారట. దాన్ని పెట్రోలులో కలిపితే పట్నాల్లో పొగ తగ్గుతుందట. పొగ తగ్గితే ఎండలు కూడా తగ్గుతాయట. ఏప్రిల్ నెలలో ఎండలు తగ్గుతాయంటే ఎవరికి చేదు? నాకైతే తీయగానే ఉండింది.

ఊరు మాత్రం రెండుగా చీలింది. బస్టాండు దగ్గరి చాయ హోటల్లో పొద్దున మొదలైన పంచాయితీ పన్నెండింటి దాకా నడిచేది.

"మక్కలకు గిరాకి వస్తదయ్యా. మార్కెట్ల కుప్పలు వోసుకోని పండుకునుడు తప్పుతది."

"గిరాకి వస్తది, వాగు వోతది. మక్కలు దేంతోని పండిస్తవు, చెమటతోనా?"

"గా కలిపిన పెట్రోలు వోసే నా మోటరుసైకిలు ఖరాబైంది. మెకానిక్కే జెప్పిండు."

"నీ మోటరుసైకిలు మీ తాత పెండ్లిల కట్నం. దానికి పన్నీరు వోసినా నడువది."

నేను కంపెనీ పక్షం. ఫోన్లో చూసినవన్నీ చెప్పేవాణ్ని. ఎక్కడో మంచు కరుగుతోందని, సముద్రం పైకి వస్తోందని. మా ఊరికీ సముద్రానికీ ఉన్న దూరం చూసి ఎవరూ బెదరలేదు. వాగు పక్కన రెండెకరాలున్న శంకరవ్వ ఒకసారి చాయ గ్లాసు పక్కకు పెట్టి నన్నే అడిగింది.

"తమ్మీ నరేశూ, పట్నంల పొగ తక్కువ గావాల్నంటె మంచిదే. గని సల్లగాలి వాళ్లకు, కంపు మాకా? గిది ఏం లెక్కరా?"

తెలియదని ఒప్పుకునే వయసు కాదు గనుక, "నీకు సైన్సు తెల్వదక్కా" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా బాపు పేరు గంగయ్య. ఊరికి చాటింపు వేసేది ఆయనే. మా దిక్కు ఊళ్లలో అభివృద్ధి కమిటీలుంటాయి. కమిటీ ఒక మాట అనుకుంటే బాపుకు చెప్తుంది. బాపు డప్పు వేసుకొని తొమ్మిది మూలలు తిరిగి ఆ మాట ఊరికి చెప్తాడు. "ఇంటికొకలు రావాలె" అని బాపు అన్నాడంటే ఇంటికొకరు వెళ్లాల్సిందే. వెళ్లని ఇల్లు కమిటీకి జవాబు చెప్పుకోవాలి. వాట్సాప్‌లో కమిటీ గ్రూపు కూడా ఉంది. అందులో పొద్దున గులాబీలు వస్తాయి, మధ్యాహ్నం తిట్లు వస్తాయి. అందుకే గ్రూపులో ఏం వచ్చినా చూసి నవ్వుకుంటారు, బాపు చెప్పింది మాత్రం లేచి చేస్తారు.

ఆ గొంతు నాకు వచ్చింది. ఫోన్లో నేను మాట్లాడితే చుట్టాలు "బావా, బాగున్నవా?" అని నన్నే పలకరిస్తారు. డప్పు మాత్రం రాలేదు. రానివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది. కమిటీ హాల్లో అందరూ కుర్చీల్లో కూర్చుంటే, మా బాపు గోడవారగా నిలబడి మాట విని వస్తాడు. ఆ నిలబడడం నాకు వద్దనుకున్నాను. మైకు పట్టుకుంటే వేరు కదా. మైకు పట్టుకున్నవాణ్ని సీట్లో కూర్చోబెడతారు.

బాపు కొత్త బండి చుట్టూ తిరిగి, వంగి కింద కూడా చూశాడు.

"దీని ఇంజనేడున్నదిరా?"

"ఇంజనుండది బాపు. మోటరుంటది."

"మరి సప్పుడు?"

"సప్పుడు రాదు. గదే దీని గొప్ప."

"సప్పుడు లేకుంట వస్తె మనుషులు పక్కకెట్ల జరుగుతరు?" అన్నాడు. నిజంగానే అడిగాడు, వెక్కిరించడానికి కాదు. కాసేపు సీటు తడిమి, "బండైతె మంచిగున్నది కొడుకా. ఇచ్చినోడి సంగతి నాకెర్క లేదు" అని లోపలికి పోయాడు.

ఫ్యాక్టరీ మీద ప్రజాభిప్రాయ సేకరణ మే నెల రెండో శుక్రవారం అన్నారు. అధికారులు వస్తారు, జనం తమ మాట చెప్పాలి, దాన్ని రాసుకొని పోతారు. దానికి నాలుగు రోజుల ముందు, సోమవారం, కమిటీ కూర్చుంది. నేను పోలేదు. కంపెనీ బండి తోలేవాణ్ని ఎవరు రానిస్తారు?

మంగళవారం మధ్యాహ్నం బాపు ఉపాధి పని నుంచి వస్తూ వస్తూ గడప దగ్గర కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది. వడదెబ్బ. మా వాడ డాక్టరు వచ్చి దూలానికి తాడు కట్టి గ్లూకోజు సీసా వేలాడదీశాడు. అవ్వ తడిబట్ట అరికాళ్లకు రుద్దుతూ నాతో అంది:

"కమిటోళ్లు బాపుకేదో చాటుమన్నరట. ఇయ్యాల మాపటికే చాటాలెనట. నువ్వన్న చాటు, లేకుంటె పోయి బుచ్చిరాములు పటేలుకన్న చెప్పిరా, గిట్ల పడ్డడని."

"చెప్తలే అవ్వా" అన్నాను.

ఏం చాటాలో నేను అడగలేదు. బాపు కళ్లు మూసుకొని పెదాలు కదుపుతున్నాడు. వంగి వింటే తెలిసేదే. వంగలేదు. వింటే డప్పు నా మెడలో పడుతుందని భయం. బుచ్చిరాములు కమిటీ అధ్యక్షుడు, ఆయన ఇల్లు మా దారిలోనే ఉంది. ఆ ఇంటి ముందు నుంచే పోయాను. ఇంట్లో ఉండడులే అని ముందే అనేసుకొని పోయాను.

బుధవారం మధ్యాహ్నం కంపెనీ తరఫున మీటింగు చాటడం నా వంతు. ఆ పని కంపెనీ దగ్గర పట్టింది షాబాజ్ భాయ్, మెట్‌పల్లిలో మైకుసెట్ల దుకాణం ఆయనది. బండికి మైకు బిగించి, నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"కంపెనీ ఫ్లెక్సీ రేపటికి ప్రింటయితది. ఇయ్యాల జర గిది సదువుకుంట తిరుగు, బస్. ఫికర్ జెయ్యకు."

మొదటి మూలలో కాగితం చూసి చదివాను. "మాన్యులైన గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. ప్రతిపాదిత పరిశ్రమ యొక్క పర్యావరణ ప్రభావ ముసాయిదా నివేదికపై తమ అమూల్యమైన అభిప్రాయములను..." ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఎండకు అందరూ తలుపులు వేసుకొని కూలర్ల ముందు పడుకున్నారు. వేపచెట్టు కింద ఉన్న కుక్క మాత్రం లేచి, నన్ను చూసి మళ్లీ పడుకుంది.

నాకు పౌరుషం వచ్చింది. గంగయ్య కొడుకు గొంతెత్తితే ఊరు పలకకపోవడమా? రెండో మూలకు వచ్చేసరికి కాగితం జేబులో పెట్టాను.

"ఇనుండ్రి... అవ్వల్లారా, అయ్యల్లారా, ఇనుండ్రి! శుక్రారం పొద్దుగాల పది గంటలకు, మెట్‌పల్లి తొవ్వల ఫంక్షన్ హాల్ల మీటింగున్నది. ఇంటికొకలు రావాలె. మల్ల ఎవ్వలు మాకెర్క లేదనద్దూ!"

తలుపులు టపటపా తెరుచుకున్నాయి. మనుషులు బయటికి వచ్చి నెత్తిన తువాల వేసుకొని విన్నారు. నా ఒళ్లు పులకరించింది. మామూలు ప్రచారం ఆటో అయితే ముందు దాని ఇంజను మోత, తర్వాత సినిమా పాట, ఆ తర్వాత మాట వస్తుంది. అది వినగానే ఊరికి తెలిసిపోతుంది, ఎవరో ఏదో అమ్మడానికి వచ్చారని. నా బండికి మోత లేదు. పాట వేయడం నాకు ఇష్టం లేదు. తలుపు వెనక పడుకున్నవాళ్లకు వినిపించింది ఒట్టి గొంతే.

కంట్లో శుక్లాలు ముదిరిన లస్మవ్వ గుమ్మం పట్టుకొని, "డప్పేదిరా గంగయ్యా?" అని అడిగింది.

"డప్పు మంచంల పండుకున్నదవ్వా" అని నవ్వాను.

"అయ్యో, పాణం బాగలేదటగా. కొడుకు చాటుతుండా? మంచిది బిడ్డా, మంచిది. తండ్రి పని వట్టుకున్నవు" అంది.

అక్కడ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఇది ఊరిది కాదవ్వా, కంపెనీది అని. నోటిదాకా వచ్చింది. మెచ్చుకుంటున్న ముసలామెను ఎందుకు తికమక పెట్టడమని ముందుకు పోయాను. మిగతా ఏడు మూలల్లోనూ అదే చాటాను. ఒక్కో మూలకు గొంతు ఇంకా బాగా వచ్చింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకే ఫంక్షన్ హాలు నిండిపోయింది. పండక్కి వచ్చినట్టు ఉతికిన బట్టలు కట్టుకొని వచ్చారు. తలుపు దగ్గర బల్ల మీద రిజిస్టరు. వచ్చినవాళ్లు వచ్చినట్టు సంతకమో వేలిముద్రో వేసి, మజ్జిగ ప్యాకెట్టు తీసుకొని లోపలికి పోతున్నారు. షాబాజ్ భాయ్ నా వీపు తట్టాడు. "క్యా బాత్ హై నరేశ్! మేం యాభై మంది వస్తె గొప్పనుకున్నం." కంపెనీ సారు నాకు తీగ లేని మైకు ఇచ్చి, ఎవరైనా మాట్లాడతామని చెయ్యెత్తితే వాళ్ల దగ్గరికి తీసుకుపోవడం నా పని అన్నాడు.

ముందు వరుసలో పది కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఎవరూ కూర్చోలేదు. అవి కమిటీవాళ్లవి అని అందరికీ తెలుసు. కంపెనీవాళ్లకు తప్ప.

పై అధికారి నివేదిక చదివాడు. గాలి కాలుష్యం, హరిత ఇంధనం, వాతావరణ మార్పు, ఇరవై నిమిషాలు. ఆఖర్న, "గ్రామస్తులు ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు" అన్నాడు.

ఎవరూ లేవలేదు. మా ఊళ్లో మీటింగంటే ముందు కమిటీ పెద్దలు మాట్లాడాలి. వాళ్లు ఒక దారి చూపిన తర్వాతే మిగతావాళ్లు ఆ దారిన అరవాలి. జనం ఖాళీ కుర్చీలనే చూస్తూ కూర్చున్నారు.

"ఎవరైనా?" అన్నాడు అధికారి రెండోసారి.

శంకరవ్వ సగం లేచింది. అటూ ఇటూ చూసింది. పక్కనున్న ఆమె కొంగు పట్టి లాగితే, పటేల్లు వచ్చాక మాట్లాడొచ్చులే అన్నట్టు కూర్చుంది. ఆమె అడగబోయేది ఏమిటో నాకు తెలుసు. చాయ హోటల్లో అడిగిందే. మైకు నా చేతిలో ఉంది. ఆమెకూ నాకూ మధ్య నాలుగడుగుల దూరం. ఇంతమంది నా మాట మీద ఎందుకు వచ్చారు? కమిటీ ఎందుకు రాలేదు? అడుగు పడలేదు.

మూడోసారి అడిగి, అధికారి ఫైలు మూశాడు. "శాంతియుతంగా సహకరించిన గ్రామస్తులందరికీ ధన్యవాదాలు."

జనం రోడ్డు వెంట తిరిగి వస్తుంటే ఎదురుగా కమిటీవాళ్ల తుఫాను జీపు వచ్చి ఆగింది. బుచ్చిరాములు దిగాడు.

"ఏడికి వోయి వస్తున్నరే అందరు?"

"గట్లంటవేంది పటేలా?" అన్నాడు ఎవరో. "రమ్మంటిరి గద. మీరే రాకపోతిరి. మేం ఎదురు సూసి సూసి వస్తున్నం."

బుచ్చిరాములు ముఖం నేను చూడలేకపోయాను. సోమవారం కమిటీ అనుకున్నది ఇది: శుక్రవారం మీటింగుకు ఊరి నుంచి ఒక్క పురుగు కూడా పోకూడదు. కుర్చీలు ఖాళీగా ఉండాలి. అదే మన జవాబు. మంగళవారం బాపు చాటాల్సిన మాట అది. బాపు చాటే ఉంటాడని నమ్మి, బుధ, గురువారాలు పక్క ఊళ్ల కమిటీల చుట్టూ తిరిగిన పెద్దలంతా శుక్రవారం పొద్దున్నే జగిత్యాల పోయి, మా ఊరి నుంచి ఒక్కరూ హాజరు కావడం లేదని కలెక్టరాఫీసులో రాసిచ్చి వస్తున్నారు.

శనివారం సాయంత్రం కమిటీ పిలిచింది. బాపు ఇంకా తేరుకోలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఎక్కడ నిలబడకూడదని ఇన్నేళ్లు తప్పించుకు తిరిగానో అక్కడే.

"గంగయ్యా, చాటుమన్నదేంది, ఊళ్లె చాటిందేంది?" అన్నాడు బుచ్చిరాములు.

"నాకు పాణం బాగలేకుండె పటేలా. మంచంల ఉన్న. నేను చాటనే లేదు."

"చాటనోడివి మాకు కబురన్న వెట్టకపోతివి?"

బాపు నా వైపు చూశాడు. అవ్వ నాకు చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. ఆ చూపు పూర్తి కాకముందే తల తిప్పుకున్నాడు.

"తప్పయింది పటేలా" అన్నాడు.

"మరి బుధారం ఇనవడ్డ గొంతెవలది?"

"మా ఇంటిదే."

నేను ఉండలేక, "నేను కంపెనీ మీటింగని చాటిన పటేలా. ఊరి మాటని నేను అనలే" అన్నాను.

బుచ్చిరాములు కోపం చేయలేదు. చేసినా బాగుండేది. అలసిపోయినట్టు అన్నాడు: "కంపెనీ అన్న మాట ఒక్కసారన్న నీ నోట్లకెళ్లి వచ్చిందా? 'మల్ల ఎవ్వలు మాకెర్క లేదనద్దు' అని ఏ కంపెనీ చాటుతదిరా? నేను పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి గా మాట మీ తాత నోట్లె ఇన్న, మీ బాపు నోట్లె ఇన్న. నువ్వు దాన్ని వాళ్లకిచ్చి వచ్చినవు."

చివరికి తేల్చింది ఒకటే. బాపు మళ్లీ తొమ్మిది మూలలూ తిరిగి, బుధవారం చాటింది ఊరి మాట కాదని చెప్పాలి. అంతకంటే వేరే శిక్ష లేదు. న్యాయంగానే ఉందని అందరం అనుకున్నాం.

ఆదివారం పొద్దున బాపు డప్పు కాచి, మెడకు వేసుకున్నాడు. నేను వెనక నడిచాను.

"ఇనుండ్రి, అవ్వల్లారా, అయ్యల్లారా! మొన్న బుధారం చాటింది ఊరి మాట గాదు. మా ఇంటి మాట. తప్పు మాది. మల్ల ఎవ్వలు మాకెర్క లేదనద్దు!"

తొమ్మిది మూలల్లోనూ ఒక్క అక్షరం తేడా లేకుండా అదే చెప్పాడు. నాలుగో మూలలో గొంతు బొంగురుపోయింది.

"బాపు, జర కూసో. నీళ్లు తాగు."

"నడువురా" అన్నాడు.

ఆరో మూల మా ఇంటిది. వాకిట్లో అవ్వ నిలబడి ఉంది. ఆమెకు కూడా అంతే గట్టిగా, ఊరివాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. అవ్వ కొంగు నెత్తిన కప్పుకొని, ఊరివాళ్లు విన్నట్టే వింది. అయిపోయాక తల ఊపి లోపలికి పోయింది. బాపు ఏడో మూలకు నడిచాడు.

సోమవారం నేను బుచ్చిరాములు బండి వెనక కూర్చొని జగిత్యాల పోయాను. కలెక్టరాఫీసులో సారు మర్యాదగానే మాట్లాడాడు. ఫైలు తిప్పి చూపించాడు. హాజరు నాలుగు వందల పన్నెండు. అభ్యంతరాలు లేవు. దాని కిందే కమిటీ ఇచ్చిన కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. "ఒక్కరూ రావడం లేదని మీరు రాశారు. నాలుగు వందల మంది వచ్చారు. నేను దేన్ని నమ్మాలి?" అన్నాడు.

"సార్, నేనే తప్పు చాటిన. ఊరి మాటనుకోని వచ్చిండ్రు" అన్నాను.

"సరే బాబూ. ఎలా వచ్చినా వచ్చారు కదా. వచ్చినవాళ్లు వద్దని ఒక్క మాట అని ఉండాల్సింది. ఎవరైనా ఆపారా?"

ఎవరూ ఆపలేదు. అదే కదా చెప్పలేకపోయింది. మా ఊళ్లో పెద్దలు నోరు తెరవందే ఎవరూ తెరవరని ఆయనకు ఎలా చెప్పాలి, చెప్తే ఏ గడిలో రాసుకుంటాడు? బుచ్చిరాములు పై ఆఫీసుకు అర్జీ రాశాడు. రసీదు ఇచ్చారు. నెల తిరగకముందే అనుమతి వచ్చిందని పేపర్లో పడింది. హరిత ఇంధనం దిశగా జిల్లా ముందడుగు అని హెడ్డింగు.

కంపెనీకి అప్పజెప్పమని బండి తాళం షాబాజ్ భాయ్‌కి ఇచ్చేశాను. ఆయన చాలాసేపు తాళాన్ని చేతిలో తిప్పుతూ, "యార్, నేను కాయిదం మంచిగనే రాసిచ్చిన గదా. ఒక్క మాట ఝూట్ లేదు దాంట్ల" అన్నాడు.

"లేదు భాయ్. కాయిదం తప్పేం లేదు. బండి తప్పూ లేదు" అన్నాను. మళ్లీ డీజిలు ఆటో ఎక్కాను. అవ్వ మళ్లీ దగ్గింది.

మిరుగం కార్తె వచ్చింది, వాన రాలేదు. జూన్ నెల మధ్యలో ఒకరోజు పొద్దున ఏడింటికి బుచ్చిరాములు మా ఇంటికి ఫోన్ చేశాడు. మట్టి తవ్వే మిషన్లు మెట్‌పల్లి దాటాయట. ఊరంతా రోడ్డు మీదికి వస్తే ఆపొచ్చు. ఇంత జనం అడ్డం కూర్చుంటే పోలీసులు కూడా తొందరపడరు, మళ్లీ మాట్లాడదామంటారు, అర్జీ కదులుతుంది. పది మందే వస్తే పక్కకు లాగేసి పోతారు. "గంగయ్యా, చాటు. ఇంటికొకలు గాదు, అందరు రావాలె. అర్ధగంటే ఉన్నది" అన్నాడు.

బాపు చెప్పులు కూడా వేసుకోలేదు. నేను వెనక ఉరికాను.

మొదటి మూలలో డప్పు మీద మూడో దెబ్బ పడేలోపే తలుపులు తీశారు. బాపు చెప్పింది మొత్తం విన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. "సరే గంగయ్యా" అన్నారు. అని, గడప దిగకుండా అక్కడే నిలబడి ఫోన్లు తీశారు.

రెండో మూలలోనూ అంతే. మూడో మూలలో శంకరవ్వ పండ్లపుల్ల నోట్లో పెట్టుకొని బయటికి వచ్చింది. వాగు పక్కన పొలం ఆమెది. మిషన్లు ముందుగా దిగేది ఆమె గట్టు మీదే. పరుగెత్తాల్సిన మనిషి. బాపు చాటడం అయ్యేదాకా ఆగి, మెల్లగా అంది:

"పటేలుకు ఫోన్ చేస్తున్న గంగయ్యా. ఏమనుకోకు. గిది ఊరి మాటేనా అని ఒక్కపారి అడుగుత."

"అడుగు బిడ్డా" అన్నాడు బాపు. "అడుగుడు మంచిదే."

ఆమె ఫోను చెవికి పెట్టుకుంది. వాడలో అటు చూసినా ఇటు చూసినా గడప గడపకూ ఒక మనిషి, ప్రతి మనిషి చెవి దగ్గర ఒక ఫోను. అందరూ చేస్తున్నది బుచ్చిరాములు నంబరుకే. నేనూ చేశాను. బిజీ.

"అక్కా, నిజమే అక్కా! ఊరి మాటే ఇది! ఉరుకుండ్రి!" అని అరిచాను. నా గొంతు వినగానే ఎదురింటి తలుపు, బార్లా తెరిచి ఉన్నది, సగం మూసుకుంది. బాపు నా వైపు తిరగకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. నోరు మూసుకున్నాను.

రోడ్డు మీద పెద్ద బండ్లు వంపు తిరుగుతున్న మోత వినిపిస్తోంది. శంకరవ్వ ఫోను తీసి చూసి, మళ్లీ నొక్కి, మళ్లీ చెవికి పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. బాపును అవమానిస్తున్నానని ఆమెకు తెలుసు.

"లైను కలుస్తలేదు గంగయ్యా. జర ఆగు."

"ఆగుత బిడ్డా" అన్నాడు బాపు. ఇంకా ఆరు మూలలు మిగిలే ఉన్నాయి. ఆమె ఫోను కలిసేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.